చిట్టికి, ఎముకల పేర్ల గురించి

పర్లాకిమిడి

చిరంజీవి చిట్టికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "అనాటమీ పుస్తకం తెరిస్తేనే టెన్షన్ పెద్దమ్మా, ఒక్క పేజీలో నలభై కొత్త పేర్లు" అన్నావు. నర్సింగ్‌లో చేరిన మొదటి నెల నేనూ అలాగే ఏడ్చాను. ముప్పై నాలుగేళ్లు వార్డుల్లో తిరిగాక నాకు తెలిసినది రాస్తున్నాను. దాచుకో.

ముందు పుస్తకం మూసెయ్యి. లేచి నిటారుగా నిలబడు. చేతులు పక్కలకి వదిలేసి అరచేతులు ముందుకు తిప్పు. చిటికెన వేళ్లు తొడల వైపు, బొటనవేళ్లు బయటి వైపు ఉండాలి. అనాటమికల్ పొజిషన్ అంటే ఇదే. రోగి బోర్లా పడుకున్నా, ముడుచుకుని కూర్చున్నా, పేర్లన్నీ ఇలా నిలబడ్డ మనిషిని బట్టే చెప్పాలి. చేతిలో బొటనవేలి వైపు, అంటే ఒంటి నడిమి గీతకి దూరంగా ఉన్నది లాటరల్, చిటికెన వేలి వైపు, అంటే నడిమి గీతకి దగ్గరగా ఉన్నది మీడియల్. భుజానికి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. కాబట్టి మోచేతికి మణికట్టు డిస్టల్.

అరచేతులు ముందుకే ఎందుకు తిప్పాలో నాకు చాలాకాలం ఎవరూ చెప్పలేదు. నీ కుడి ముంజేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, అరచేతిని మెల్లగా వెనక్కి తిప్పు. లోపల ఎముక కదిలినట్టు తెలుస్తుంది కదా? బొటనవేలి వైపుది రేడియస్, చిటికెన వేలి వైపుది అల్నా. అరచెయ్యి ముందుకున్నప్పుడు రెండూ పక్కపక్కనే ఉంటాయి. వెనక్కి తిప్పితే రేడియస్ వెళ్లి అల్నాకి అడ్డంగా పడుతుంది. నువ్వు పల్స్ చూసేది కూడా ఆ రేడియస్ పక్కనే, అందుకే ఆ ధమనికి రేడియల్ ఆర్టరీ అని పేరు. అన్నట్టు, పల్స్ చూడడానికి బొటనవేలు పెట్టకు. దానికి సొంత పల్స్ ఉంటుంది, అదే లెక్కపెట్టేస్తావు.

కుడి, ఎడమ అంటే ఎప్పుడూ రోగి కుడి, రోగి ఎడమే. ఇది మాత్రం నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ముసలాయన మణికట్టు వాచి వచ్చాడు. ఎదురుగా నిలబడి, నా వైపు నుంచి చూసి, కుడి అనాల్సింది ఎడమ అని రాశాను. బాగున్న చేతికి ఎక్స్‌రే తీశారు. ఆ నొప్పితోనే ఆయన మళ్లీ గంటసేపు వరసలో నిలబడ్డాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి రాసే ముందు ఆ చెయ్యి ముట్టుకుని, "ఇదేనా బాబూ" అని అడిగి రాసేదాన్ని. నువ్వూ అలాగే చెయ్యి.

ఇక ఎముకలు 206 అని బెంగపడకు. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఒక్కో చేతిలో 27, ఒక్కో పాదంలో 26. చేతులూ పాదాలూ కలిపితేనే 106. ఒక చెయ్యీ ఒక పాదం నేర్చుకుంటే సగానికి పైగా వచ్చేసినట్టే. పేర్లు బట్టీ పట్టకు, వాటి అర్థం అడుగు. అవి చాలావరకు లాటిన్, గ్రీకు మాటలు. ఎముకని చూసి ఏది గుర్తొస్తే ఆ పేరే పెట్టారు. పటెల్లా అంటే చిన్న పళ్లెం. మనం మోకాలి చిప్ప అనడంలేదూ? తుంటి దగ్గరి పెల్విస్ అంటే బేసిన్, చెవి లోపలి కాక్లియా అంటే నత్త, మోకాలి కింద ముందువైపు ఉండే టిబియా అంటే పిల్లనగ్రోవి, మెడ కింద క్లావికిల్ అంటే చిన్న తాళంచెవి. నాకు బాగా నచ్చింది కాక్సిక్స్, వెన్నెముక చివర ఉండే చిన్న ఎముక. కోకిల ముక్కులా ఉందని ఆ పేరు.

పెద్ద మాటల్ని కూరగాయలు తరిగినట్టు ముక్కలు చెయ్యి. చివర 'ఐటిస్' ఉంటే వాపు, 'ఎక్టమీ' ఉంటే కోసి తీసెయ్యడం, 'ఎమియా' ఉంటే రక్తానికి సంబంధించినది. ముందు 'హైపర్' ఉంటే ఎక్కువ, 'హైపో' ఉంటే తక్కువ. హైపోగ్లైసీమియా అంటే రక్తంలో చక్కెర తక్కువవడం. హైపర్, హైపో ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకని "షుగర్ తగ్గింది, ఇంత ఉంది" అని అంకెతో సహా చెప్పు. అవతలి వాళ్లచేత తిరిగి చెప్పించుకో. ఇలియంలు కూడా రెండున్నాయి. తుంటి ఎముక పైభాగం ఒకటి, చిన్న పేగు చివరి భాగం ఇంకొకటి. తెలుగులో రాస్తే తేడాయే లేదు. ఇంగ్లీషులో మధ్య అక్షరం ఎముకకి ఐ, పేగుకి ఈ.

ఇప్పుడు నీ పుస్తకంలో లేని సంగతి. మన రోగులు చెప్పే మాటలు వేరు. రక్తం తీసేటప్పుడు "నరం దొరకలేదా అమ్మా" అంటారు. వాళ్లు అనేది సిర, అంటే రక్తం పారే వెయిన్. పుస్తకం లెక్కలో నరం అంటే స్పర్శ, నొప్పి కబుర్లు మోసే నెర్వ్. కడుపు అంటే జీర్ణాశయం కావచ్చు, పేగులు కావచ్చు, గర్భసంచీ కావచ్చు. "గుండెల్లో మంటెట్టేస్తంది" అంటే గ్యాస్ అని నీ అంతట నువ్వు తేల్చెయ్యకు. ఒక్క వేలితో చోటు చూపించమను, వాళ్లు అన్న మాట అన్నట్టే రాయి, వెంటనే డాక్టరుకి చెప్పు. ఒడియా వాళ్లు కాలుని గోడొ అంటారు, పొట్టని పేటొ అంటారు. మొదటిసారి విన్నప్పుడు ఎవరి గోడ, ఏ పేట అనుకున్నాను.

అందుకే ఒక లావు నోటుబుక్కు కొనుక్కో. పేజీకి నాలుగు గడులు గీసుకో. పుస్తకంలో పేరు, తెలుగు మాట, ఒడియా మాట, మన చుట్టుపక్కల ఉండే సవర గిరిజనుల మాట. పక్కన చిన్న బొమ్మ వెయ్యి, వంకర పోయినా ఫరవాలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మన ఊళ్లోనే పాఠాలు చెబుతూ, సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని నిఘంటువు, వ్యాకరణం రాశారు. అలాంటి ఊరి పిల్లవి, నువ్వు వార్డులో ఒక సవర తల్లిని "ఎక్కడ నొప్పి" అని ఆమె మాటలో అడగగలిగితే నాకు ఎంత సంతోషమో!

ఫిజియాలజీని, అంటే ఒంట్లో ఏది ఎలా పనిచేస్తుందో చెప్పే పాఠాన్ని, వేరే సబ్జెక్టు అనుకోకు. ఎముక పేరు రాసిన పేజీలోనే అది చేసే పని కూడా రాయి. హోమియోస్టాసిస్ అర్థం కాలేదన్నావు. 1926లో వాల్టర్ కేనన్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టిన పేరు అది. బయట ఎలా ఉన్నా లోపలి పరిస్థితిని శరీరం ఒక హద్దులో నిలుపుకోవడం. మన వసారాలో మట్టికుండ గుర్తుందా? వైశాఖంలో కూడా పైన చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లని చల్లబరుస్తుంది. చెమట చేసే పనీ అదే. ఎండ 42 డిగ్రీలున్నా ఒళ్లు 37 దగ్గర నిలబడేది దానివల్లే. చెమట పట్టనంతగా నీళ్లు తగ్గిపోయిన మనిషికి ఒళ్లు కాలిపోతుంది, మాట తడబడుతుంది. వడదెబ్బ కేసులో నువ్వు ముందు చూడాల్సింది అదే.

రాత్రి పన్నెండు దాటాక చదవకు. పొద్దున అరగంట చాలు, నీ ఒంటి మీదే ఒక్కో ఎముకని తడుముకుంటూ పైకే పేరు చెప్పు. రూంమేట్స్ నవ్వితే వాళ్లనీ పక్కన నిలబెట్టు.

దసరాకి వచ్చేటప్పుడు నోటుబుక్కు తెచ్చుకో. సవర గడి ఖాళీగా ఉంచు. మన వీధికి చింతపండు, పసుపు అమ్మడానికి వచ్చే సవర ఆవిడని నేను ఇప్పటికే అడిగాను, అరుగు మీద కూర్చుని తల నుంచి మడమ దాకా చెబుతానంది.

మీ పెద్దమ్మ