ఇంటిపేరు వెంట పడకు, చిట్టీ

చిట్టీ,

అల్లుడి పూర్వీకుల గురించి వెతకడం మొదలుపెట్టావని అక్కయ్య చెప్పింది. వాళ్ళది అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని సెంట్ ఆన్ అనే ఊరు అన్నావు కదా. ఆ కంకకీ చుట్టుపక్కల పల్లెల్లోని ఫ్రెంచ్ కుటుంబాల కాగితాలతో రిటైరయ్యాక నేనూ చాలాకాలం కుస్తీ పట్టాను. వాళ్ళు ఫ్రాన్స్ నుంచి నేరుగా వచ్చినవాళ్ళు కాదు, ఎక్కువమంది కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే క్యూబెక్ నుంచి వచ్చిన రైతులు. అంచేత ముందు క్యూబెక్‌లో వాళ్ళ ఊరేదో పట్టుకో.

ఇంటిపేరుని మాత్రం నమ్మకు. అక్కడ ఒకే కుటుంబానికి రెండు ఇంటిపేర్లుండేవి, మధ్యలో ‘ది’, అంటే ‘అనబడే’ అని చేర్చి రాసేవారు. అన్న ఒకటి, తమ్ముడు రెండోది వాడుకున్న ఇళ్ళున్నాయి. అమెరికా వచ్చాక ఫ్రెంచ్ పేర్ల అర్థాన్నే ఇంగ్లీషులో పెట్టుకుని, రువా కాస్తా కింగ్, బువావేర్ గ్రీన్‌వుడ్ అయ్యాయి. సెన్సస్ గుమాస్తా తన చెవికి వినపడ్డట్టు రాసుకున్నవి వేరే!

ఆడవాళ్ళని పట్టుకుంటే పని సులువు. క్యూబెక్ చర్చి రిజిస్టర్లలో పెళ్ళయిన ఆవిణ్ణి కూడా పుట్టింటి పేరుతోనే రాసేవారు. పెళ్ళి నమోదులో వధూవరులిద్దరి తల్లిదండ్రులూ ఉంటారు. ఒక్క పెళ్ళి దొరికితే ఒక తరం వెనక్కి వెళ్ళినట్టే. రెండో పెళ్ళయితే మాత్రం చాలాసార్లు తల్లిదండ్రుల బదులు పోయిన భర్త పేరో భార్య పేరో ఉంటుంది, అక్కడ దారి తప్పకు.

బాప్తిస్మం నమోదు నిదానంగా చదువు. తేదీ పైనే ఉంటుంది, కానీ అది నీళ్ళు చల్లిన రోజు. లోపలెక్కడో ‘యేర్’, అంటే నిన్న పుట్టాడని ఉంటుంది. అది చూసుకోక ఒక ఇంటి పిల్లలందరికీ పుట్టినరోజులు తప్పు రాసిపెట్టాను నేను! చివర్లో తండ్రికి సంతకం రాదనీ రాస్తారు. జ్ఞానపితరుల (బాప్తిస్మంలో బిడ్డకి పూచీగా నిలబడేవాళ్ళ) పేర్లు కూడా వదలకు, తరచూ వాళ్ళు మేనమామలో పిన్నులో అయ్యుంటారు.

ఇంకో చిక్కుంది. సెంట్ ఆన్‌లో షినికీ అనే ఫాదర్ కాథలిక్ చర్చితో తెగతెంపులు చేసుకుని, 1860లో తన వెంట ఉన్నవాళ్ళతో ప్రెస్బిటేరియన్లనే ప్రొటెస్టెంట్ శాఖలో కలిశాడు. అంచేత ఒక బిడ్డ కాథలిక్ పుస్తకంలో ఉండి, తర్వాతి బిడ్డ కనబడకపోతే చనిపోయాడనుకోకు, అవతలి చర్చిలో చూడు. కంకకీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఏర్పడిందే 1853లో, అంతకుముందు కాగితాలు విల్, ఇరొక్వాయ్ కౌంటీల్లో ఉంటాయి. 1890 సెన్సస్ జోలికి పోకు, చాలామటుకు అగ్నిప్రమాదంలో పోయింది. 1900 నాటి సెన్సస్‌లో పుట్టిన నెల, వచ్చిన సంవత్సరం కూడా దొరుకుతాయి.

ఇవన్నీ తర్వాత. ముందు ఈ ఆదివారం మీ అత్తగారి దగ్గర కూర్చుని పాత ఫోటోల వెనక రాతలన్నీ ఫోన్‌తో తీసుకో. చేతిరాత అర్థం కాకపోతే నాకు పంపు.

మీ మామయ్య