పంపు మోగలేదంటే ఇన్సులిన్ లోపలికి వెళ్తున్నట్టేనా?

ఇన్సులిన్ పంపు (రోజంతా చర్మం కిందికి ఇన్సులిన్ ఎక్కించే చిన్న యంత్రం) వాడుతున్న పాఠకుల ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. లెక్కల్లో చూపిన యూనిట్లు ఉదాహరణకే. మీ పంపులో ఉండాల్సిన అంకెలు మీ డాక్టరు రాసిచ్చినవే.

ప్రశ్న: మా పాపకు పన్నెండేళ్లు, టైప్ 1 డయాబెటిస్. మొన్న రాత్రి భోజనం అయ్యాక తొమ్మిదింటికి సెట్ (ఇన్సులిన్ ఒంట్లోకి వెళ్లేలా చర్మానికి అంటించే భాగం) మార్చి పడుకోబెట్టాం. తెల్లారి లేచేసరికి షుగర్ 380, పైగా వాంతులు. రాత్రి అదనంగా ఏమీ తినలేదు. పంపు ఒక్కసారి కూడా మోగలేదు. ఇలా ఎందుకు జరిగింది? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: సెట్ మార్చిన కొన్ని గంటలకే షుగర్ ఇలా ఎగబాకిందంటే ముందు అనుమానించాల్సింది తిండిని కాదు, సెట్‌నే. చర్మం కింద ఉండే క్యాన్యులా (మెత్తటి సన్న గొట్టం) గుచ్చేటప్పుడే వంగిపోయి ఉండొచ్చు. ప్లాస్టర్ ఊడకపోయినా క్యాన్యులా బయటికి జారి ఉండొచ్చు. ఆ రాత్రి పెట్టిన సెట్ పారేయకపోతే తీసి చూడండి, వంపు కంటికే కనిపిస్తుంది.

ఇక అలారం సంగతి. పంపు గుర్తించేది ఎదురు ఒత్తిడిని మాత్రమే. దారి మూసుకుపోయి ఇన్సులిన్ వెనక్కి తన్నితే మోగుతుంది. క్యాన్యులా పక్కనుంచి ఇన్సులిన్ చర్మం మీదికి కారిపోతుంటే దానికి ఒత్తిడే తగలదు, కాబట్టి మోగదు. నిజంగా మూసుకుపోయినా సరే, పిల్లల్లో బేసల్ (రోజంతా కొద్దికొద్దిగా వెళ్లే ఇన్సులిన్) గంటకు 0.4, 0.5 యూనిట్లే ఉంటుంది కనుక ఒత్తిడి పెరిగి అలారం వచ్చేసరికి గంటలు గడిచిపోతాయి. అలారం రాలేదన్న ధైర్యం పంపు వాడేవాళ్లకు పనికిరాదు.

పెన్నుతో తీసుకునేవాళ్లకు లేని ఇబ్బంది ఇక్కడ ఇంకొకటి ఉంది. వాళ్ల ఒంట్లో గ్లార్జిన్ లాంటి దీర్ఘకాల ఇన్సులిన్ ఎప్పుడూ కొంత ఉంటుంది. పంపులో పోసేది లిస్ప్రో, ఆస్పార్ట్ లాంటి వేగంగా పనిచేసేది ఒక్కటే. అది ఆగితే వెనక నిల్వ లేదు. నాలుగు నుంచి ఆరు గంటల్లో కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) తయారవడం మొదలవుతుంది. వాంతులు వాటివల్లే వస్తాయి. చాలా ఇళ్లలో దీన్ని అజీర్తి అనుకుని మజ్జిగ తాగించి ఊరుకుంటారు. అక్కడే ప్రమాదం.

కారణం తెలియకుండా 250 దాటితే ముందు వేలి నుంచి రక్తం తీసి చూడండి, సెన్సర్ (ఒంటికి అంటించుకుని షుగర్ చూసే పరికరం) అంకె మీద ఆధారపడొద్దు. చేతులు కడుక్కున్నాకే చూడాలి, వేలికి అంటిన అరటిపండు కూడా 300 చూపిస్తుంది. తర్వాత సెట్ దగ్గర తడి ఉందా, వాసన వస్తోందా చూడండి. ఇన్సులిన్‌కు ఫినాయిల్‌ను తలపించే ఘాటు వాసన ఉంటుంది, ఒకసారి పట్టుకుంటే మళ్లీ మరిచిపోరు. ఆ వెంటనే కీటోన్లు చూడండి.

కీటోన్లు లేకపోతే, సెట్ కూడా బాగానే కనిపిస్తే, పంపుతో ఒకే ఒక్క కరెక్షన్ (పెరిగిన షుగర్‌ను దించే మోతాదు) ఇచ్చి గంట ఆగండి. షుగర్ దిగడం లేదంటే ఇక పంపును నమ్మొద్దు. కీటోన్లు ఉంటే ఆ గంట కూడా ఆగొద్దు. కరెక్షన్‌ను సిరంజితోనో పెన్నుతోనో వేసి, ఆ తర్వాతే సెట్, ట్యూబ్, రిజర్వాయర్ (పంపులో ఇన్సులిన్ పోసే డబ్బీ) మూడూ మార్చండి. వరుస ముఖ్యం: ముందు సూది, తర్వాత సెట్. సెట్ మార్చడానికి పట్టే ఇరవై నిమిషాల్లో ఇన్సులిన్ తన పని మొదలుపెడుతుంది.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. మీరు సూదితో వేసిన మోతాదు పంపుకు తెలియదు. ఒంట్లో ఇంకా పనిచేస్తున్న ఇన్సులిన్ లెక్కలో దాన్ని కలపదు కాబట్టి, గంట తర్వాత షుగర్ చూసి మళ్లీ కరెక్షన్ వేయమంటుంది. నాలుగు గంటలపాటు ఆ సలహా పాటించొద్దు. ఆటో మోడ్ (సెన్సర్ అంకె చూసి పంపే మోతాదు మార్చుకునే ఏర్పాటు) ఉన్నదయితే అది అడగకుండానే వేసేస్తుంది. అందుకని అంతసేపూ మాన్యువల్‌లో పెట్టాలి.

రక్తంలో కీటోన్లు 0.6 లోపు ఉంటే మామూలే. 0.6 నుంచి 1.5 మధ్య ఉంటే నీళ్లు తాగిస్తూ గంటగంటకూ చూడండి. 1.5 దాటితే డాక్టరుకు ఫోన్ చేయండి. 3 దాటినా, వాంతులు ఆగకపోయినా, కడుపునొప్పి, ఆయాసం, మగత కనిపించినా నేరుగా ఆసుపత్రికే. మూత్రం స్ట్రిప్ కూడా పనికొస్తుంది కానీ, రక్తంలో తగ్గాక కూడా కొన్ని గంటలు రంగు చూపిస్తూనే ఉంటుంది.

చివరగా, పడుకోబోయే ముందు సెట్ మార్చకండి. పొద్దున బడికి వెళ్లే హడావుడిలోనూ వద్దు. సాయంత్రం బడి నుంచి రాగానే మార్చి, తినబోయే దానికి బోలస్ (తిండికి వేసే మోతాదు) ఆ కొత్త సెట్ నుంచే ఇవ్వండి. రెండు గంటల తర్వాత షుగర్ చూస్తే సెట్ కుదిరిందో లేదో పిల్ల మెలకువగా ఉండగానే తెలిసిపోతుంది. మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ట్యూబ్‌లో ఇన్సులిన్ నింపే సమయంలో సెట్ ఒంటికి తగిలించి ఉండకూడదు, 60 సెంటీమీటర్ల ట్యూబ్‌లో పట్టే 8, 10 యూనిట్లు ఒక్కసారిగా పాప ఒంట్లోకి పోతాయి. రెండోది, సెట్ గుచ్చిన సూది బయటికి లాగాక ఖాళీ క్యాన్యులా నింపడం మరిచిపోవద్దు. కొలత పెట్టె మీద ఉంటుంది, మామూలుగా 6 మి.మీ. దానికి 0.3, 9 మి.మీ. దానికి 0.5 యూనిట్లు.

ప్రశ్న: పెళ్లిళ్లలో బిర్యానీ తిన్నప్పుడల్లా ఇదే వరస. పంపు చెప్పినంత బోలస్ వేసుకుంటాను. గంటన్నరకు లో అవుతుంది (షుగర్ బాగా పడిపోతుంది), అర్ధరాత్రికి 280 ఉంటుంది. నా లెక్క తప్పా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లెక్క సరిగ్గానే ఉండొచ్చు, వేసిన తీరే కుదరలేదు. నూనె, నెయ్యి, మాంసం ఉన్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది. ఇన్సులిన్ ముందు పరిగెత్తి లో చేస్తుంది, బియ్యంలోని పిండిపదార్థం తాపీగా దిగేసరికి ఇన్సులిన్ అయిపోతుంది. ఇలాంటి భోజనానికే పంపులో డ్యూయల్ వేవ్ ఉంది. మొత్తంలో 50 లేదా 60 శాతం తినే ముందు, మిగతాది మూడు నాలుగు గంటల మీద సాగేలా పెట్టి చూడండి. నాలుగో గంటకు కూడా ఎక్కువే ఉంటే తర్వాతిసారి సాగే సమయం పెంచండి, మొదట్లోనే లో అయితే ముందు శాతం తగ్గించండి. రెండు మూడు విందుల్లో మీ కొలత దొరుకుతుంది. కొన్ని పంపుల్లో ఆటో మోడ్ నడుస్తున్నప్పుడు డ్యూయల్ వేవ్ ఉండదు. మీది అలాంటిదైతే ఏం చేయాలో సెట్టింగులు పెట్టిన డాక్టరునే అడగండి.

అసలు లెక్క కూడా ఒకసారి సరిచూసుకోండి. రోజు మొత్తం ఇన్సులిన్ 40 యూనిట్లు అనుకుందాం. 500ను 40తో భాగిస్తే 12.5, అంటే ఒక యూనిట్ 12.5 గ్రాముల పిండిపదార్థానికి సరిపోతుంది. 1800ను 40తో భాగిస్తే 45, ఒక యూనిట్ షుగర్‌ను దాదాపు 45 దించుతుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. 200 గ్రాముల అన్నం తింటే 56 గ్రాములు, దానికి 4.5 యూనిట్లు. తినేముందు షుగర్ 190, మీ లక్ష్యం 100 అయితే పైనున్న 90కి 2 యూనిట్లు. మొత్తం 6.5. మధ్యాహ్నం వేసిన దాంట్లో ఇంకా 1 యూనిట్ పనిచేస్తుంటే కరెక్షన్‌లోంచి అది తీసేయగా 5.5. ఈ రెండు సూత్రాలూ మొదలుపెట్టడానికే. ఉదయం పూట చాలామందికి ఒక యూనిట్ ఇంకా తక్కువ గ్రాములకే సరిపోతుంది.

'ఒక గరిటె', 'రెండు హస్తాలు' అన్న కొలతలతోనే సగం లెక్కలు చెడతాయి. వంటింట్లో చిన్న ఎలక్ట్రానిక్ కాటా పెట్టుకోండి. నెల తూచి తింటే ఆ తర్వాత చూపుతోనే చెప్పగలరు. 40 గ్రాముల ఇడ్లీలో పది గ్రాములు, 30 గ్రాముల పిండితో చేసిన చపాతీలో ఇరవై, గ్లాసు పాలలో (200 మి.లీ.) పది వేసుకోవచ్చు. ఇడ్లీకి బోలస్ పావుగంట ముందే వేయండి, అది అన్నం కన్నా వేగంగా షుగర్ పెంచుతుంది.

ప్రశ్న: షుగర్ 60కి పడిపోయినప్పుడు పంపు ఆపేస్తే సరిపోతుందా? – ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: సరిపోదు. ఆపితే ఆగేది ఇకమీదట రాబోయే ఇన్సులిన్, ఇప్పటికే చర్మం కింద ఉన్నది పనిచేస్తూనే ఉంటుంది. 15 గ్రాముల గ్లూకోజ్ పొడి లేదా పంచదార, అంటే మూడు చెంచాలు, నీళ్లలో కలిపి తాగండి. పావుగంటకు మళ్లీ చూసి, 70 లోపే ఉంటే మళ్లీ అంతే తీసుకోండి. చాక్లెట్ వద్దు, అందులోని కొవ్వు ఆలస్యం చేస్తుంది. ఆటో మోడ్ పంపు అప్పటికే బేసల్ తగ్గించి ఉంటుంది కాబట్టి చాలామందికి పది గ్రాములే చాలు. ఎక్కువ తాగితే కాసేపటికి 220 చూసి పంపును తిట్టుకుంటారు. ఆటలవల్ల లో అవుతుంటే, మొదలుపెట్టే సమయానికి కాకుండా గంట, గంటన్నర ముందే టెంపరరీ బేసల్ 50 శాతానికి తగ్గించండి.

ప్రశ్న: కడపలో మే నెలంతా బండి మీద తిరిగే ఉద్యోగం. ఎండాకాలంలోనే షుగర్ అదుపు తప్పుతోంది, ప్లాస్టర్ కూడా రెండో రోజుకే ఊడిపోతోంది. ఏం చేయను? – ఒక మెడికల్ రెప్రజెంటేటివ్

జవాబు: పంపులోని ఇన్సులిన్ 37 డిగ్రీలు దాటితే దెబ్బతినడం మొదలవుతుంది. మీ ఊళ్లో మే నెలలో బయటి వేడి అంతకన్నా ఎక్కువే. పంపును బెల్టుకు బయట తగిలించకుండా చొక్కా లోపల పెట్టుకోండి. ట్యూబ్ కూడా ఎండకు కనబడకూడదు. బండి డిక్కీలో, ఆపి ఉంచిన కారులో ఇన్సులిన్ వదలొద్దు. నీళ్లలో నానబెట్టి వాడే కూలింగ్ సంచులు రాయలసీమ పొడి ఎండలో బాగా పనిచేస్తాయి, కాకినాడ లాంటి ఉక్కపోత చోట్ల అంతగా పనిచేయవు. ఐస్ ముక్కలకు తగిలేలా పెడితే మాత్రం ఇన్సులిన్ గడ్డకట్టి పనికిరాకుండా పోతుంది, తర్వాత కరిగినా వాడకూడదు. ఎండాకాలంలో రిజర్వాయర్‌లో రెండు రోజులకు సరిపడేంతే పోసుకోండి. మూడో రోజున షుగర్ మొండికేస్తోందంటే కారణం సాధారణంగా ఇదే.

ఫ్రిజ్‌లోంచి తీసిన వయల్‌తో వెంటనే నింపకండి. చల్లటి ఇన్సులిన్ ఒంటి వేడికి వచ్చేసరికి అందులో కరిగిన గాలి బుడగలై ట్యూబ్‌లోకి చేరుతుంది. అంగుళం పొడవు బుడగ అంటే దాదాపు అర యూనిట్ ఇన్సులిన్ లేనట్టే. పెద్దవాళ్లకు అది లెక్కలోకి రాకపోవచ్చు, గంటకు పావు యూనిట్ బేసల్ ఉన్న చిన్నపిల్లకు మాత్రం రెండు గంటల మోతాదు.

ప్లాస్టర్ నిలవాలంటే స్నానం చేసిన వెంటనే కాకుండా ఒళ్లు ఆరాక అంటించండి. స్పిరిట్ పూర్తిగా ఆరాలి. ఆ చోట కొబ్బరినూనె, పౌడరు తగలకూడదు. వెంట్రుకలుంటే ముందురోజు తీసేయండి. ప్యాంటు నడుం పట్టీ రాసుకునే చోట వద్దు. బొడ్డుకు రెండంగుళాల దూరం వదిలి, పాత గుర్తుకు కనీసం అంగుళం జరిగి పెట్టుకోండి. నొప్పి లేదని ఒకేచోట గుచ్చుతూ పోతే అక్కడ గట్టి గడ్డలా తయారై ఇన్సులిన్ ఒకరోజు ఎక్కి, ఒకరోజు ఎక్కకుండా పోతుంది.

ప్రశ్న: చీర కట్టుకుంటే పంపు ఎక్కడ పెట్టుకోవాలి? స్నానానికి తీయొచ్చా? – ఒక ఉపాధ్యాయిని, నెల్లూరు

జవాబు: సెట్‌ను లంగా బొందుకు, కుచ్చిళ్లు దోపే చోటుకు దూరంగా, పిరుదు పైభాగంలోనో తొడ పక్కనో పెట్టుకోండి. పంపును లంగాకు లోపలివైపు కుట్టించుకున్న గుడ్డ జేబులో పెడితే బయటికి కనబడదు. జాకెట్ లోపల పెట్టుకోవాలంటే 110 సెంటీమీటర్ల ట్యూబ్ అడగండి. స్నానానికి తీయొచ్చు కానీ గంట దాటకూడదు. తలంటు, ముస్తాబు కలిపి గంటన్నర అయితే మధ్యలో ఒకసారి తగిలించుకోండి. తీసిన పంపును తడి సబ్బుపెట్టె పక్కన కాదు, గది బయట పెట్టండి.

ప్రశ్న: పంపు పాడైతే ఏం చేయాలో ముందే తెలుసుకోవాలనుంది. ఇంట్లో అమ్మ వాడే ఇన్సులిన్ సిరంజిలున్నాయి, అవసరమైతే అవి వాడొచ్చా? – ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ముందు ఆ సిరంజి మూత రంగు చూడండి. మన దగ్గర వయల్స్‌లో వచ్చే మామూలు ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. పంపు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 100 యూనిట్లది, దానికి నారింజ రంగు మూత సిరంజి కావాలి. పంపు వయల్‌లోంచి ఎర్రమూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. ప్రాణం మీదికి వచ్చే తేడా. అమ్మగారి సిరంజిలు, మీ సిరంజిలు వేర్వేరు డబ్బాల్లో పెట్టండి.

పంపు సెట్టింగులన్నీ కాగితం మీద రాసి ఉంచండి: గంటలవారీ బేసల్, రోజు మొత్తం బేసల్, ఒక యూనిట్‌కు ఎన్ని గ్రాములు, ఎంత దించుతుంది, లక్ష్యం ఎంత. పంపు ఆగిపోతే అవి దాని తెర మీద కనిపించవు. రోజు బేసల్ 18 యూనిట్లయితే గ్లార్జిన్ కూడా దాదాపు అంతే వేయాల్సి వస్తుంది, సరైన అంకె డాక్టరుతో ఇప్పుడే రాయించుకోండి. గ్లార్జిన్ అందుకోవడానికి రెండు నుంచి నాలుగు గంటలు పడుతుంది, ఆలోగా వేగంగా పనిచేసే ఇన్సులిన్ చిన్న మోతాదుల్లో వేసుకోవాలి. కొత్త పంపు వచ్చిన రోజున ముందురోజు గ్లార్జిన్ ఇంకా పనిచేస్తూ ఉంటుంది, అది వేసి 24 గంటలు గడిచేదాకా పంపు బేసల్ మొదలుపెట్టకండి.

సంచిలో నారింజ మూత సిరంజిలు, రెండు సెట్లు, ఒక రిజర్వాయర్, బ్యాటరీ, కీటోన్ స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి ఎప్పుడూ ఉండాలి. ఎమ్మారై గదిలోకి పంపు, సెన్సర్ రెండూ తీసేశాకే వెళ్లాలి, సెట్ స్టీలు సూదిదైతే అది కూడా. విమానాశ్రయంలో సామాన్ల ఎక్స్‌రే బెల్టు మీద పంపు పెట్టకుండా చేత్తో తనిఖీ చేయమని అడగండి, డాక్టరు చీటీ దగ్గరుంచుకోండి.