నలుపు నచ్చింది సరే, నాన్నగారి న్యూస్ చానెల్ సంగతేంటి?

ప్రశ్న: పాత ఎల్‌సీడీ టీవీ మార్చేద్దామని వెళ్తే షోరూమ్‌లో ఓలెడ్ చూపించారు. అందులో చీకటి సీన్లు చూశాక మిగతావేవీ కంటికి ఆనలేదు. కానీ ఓలెడ్ స్క్రీన్ మీద మరకలు పడతాయని మా తమ్ముడు భయపెడుతున్నాడు. ఇంట్లో నాన్నగారు పొద్దున్నుంచి రాత్రిదాకా ఒకే న్యూస్ చానెల్ చూస్తారు, పైగా హాల్లో రెండు పెద్ద కిటికీలు. కొనమంటారా?

జవాబు: మీ తమ్ముడిది ఉత్త భయం కాదు, మీరు చూసిన నలుపూ మాయ కాదు. రెండింటికీ మూలం ఒక్కటే. ఎల్‌సీడీలో వెనకాల లైటు వెలుగుతూ ఉంటుంది, ముందున్న పొర దాన్ని అడ్డుకోవాలి, పూర్తిగా అడ్డుకోలేదు కాబట్టి అర్ధరాత్రి సీను కూడా బూడిద పూసినట్టు కనిపిస్తుంది. ఓలెడ్‌లో వెనక లైటే లేదు. 4కే టీవీలో ఉండే దాదాపు 83 లక్షల పిక్సెళ్లలో ప్రతిదీ తనంతట తనే వెలుగుతుంది, నలుపు కావాల్సిన చోట ఆరిపోతుంది. పక్కకి కూర్చుని చూసినా రంగులు పెద్దగా పాలిపోవు, వేగంగా వెళ్లే బంతి వెనక తోక కనపడదు.

ఇక మరకల సంగతి. ఆ పిక్సెల్‌లో వెలిగేది కర్బన పదార్థం, వెలిగినకొద్దీ అరుగుతుంది, నీలం మరీ తొందరగా. స్క్రీనంతా సమానంగా అరిగితే మన కంటికి తెలియదు. కానీ చానెల్ లోగో, అడుగున ఎర్ర పట్టీ రోజుకి పది గంటలు కదలకుండా ఉంటే అక్కడి పిక్సెళ్లు ముందే ముసలివైపోతాయి, కొన్నాళ్లకి మీరు సినిమా చూస్తుంటే హీరోయిన్ పసుపు చీర మీద ఆ పట్టీ నీడలా తేలుతుంది. బర్న్-ఇన్ అంటే ఇదే. బాగా ముదిరితే ప్యానెల్ మార్చడం తప్ప దారి లేదు, వారంటీ కాగితంలో దీని గురించి ఏం రాశారో కొనకముందే చదవండి.

టీవీ కూడా ఊరికే ఉండదు లెండి. కొన్ని గంటలు నడిచాక రిమోట్‌తో ఆపితే, స్టాండ్‌బైలో ఉండగానే ఏ పిక్సెల్ ఎంత అరిగిందో కొలిచి సరిచేసుకుంటుంది. మనమేమో కరెంటు ఆదా అని వెంటనే గోడ స్విచ్ కట్టేస్తాం! నేనూ ఏడాదిపాటు అదే చేశాను, మాన్యువల్ చదివాక గానీ తెలియలేదు.

కిటికీలు ఇంకో తలనొప్పి, వెలుతురున్న గదిలో తెర కూడా గట్టిగా వెలగాలి. చీకట్లో చిన్న మెరుపుని ఓలెడ్ అద్భుతంగా చూపిస్తుంది గానీ, మంచుకొండల్లాంటి సీనుతో తెరంతా తెల్లబడితే వేడీ కరెంటూ హద్దు దాటకుండా వెలుతురు తనే తగ్గించుకుంటుంది. 2022లో వచ్చిన క్యూడీ-ఓలెడ్‌లో (రంగుల కోసం క్వాంటమ్ డాట్లనే అతి చిన్న కణాలు వాడే ఓలెడ్) రంగులు ఇంకా చిక్కగా ఉంటాయి, అయితే గదిలో వెలుతురు పడితే దాని నలుపు కాస్త ఊదాకి తిరుగుతుంది. 2025లో ఎల్‌జీ తెచ్చిన నాలుగు పొరల ప్యానెల్ వెలుతురు విషయంలో బాగా మెరుగు. 2007లో సోనీ అమ్మిన మొదటి ఓలెడ్ టీవీ 11 అంగుళాలే అని గుర్తుచేసుకుంటే ఇది చాలా దూరం వచ్చినట్టే.

నా మాట వింటే, పాత టీవీ పనిచేస్తుంటే దాన్ని హాల్లో నాన్నగారికే ఉంచేయండి, ఓలెడ్ పడగ్గదిలో పెట్టుకోండి. ఒక్కటే టీవీ ఉండాలంటే మాత్రం మినీ ఎల్‌ఈడీ వెలుగున్న ఎల్‌సీడీ, అంటే వెనక బోలెడన్ని బుల్లి లైట్లుండి చీకటి చోట వాటిని తగ్గించుకునేది, చూడండి. ఆయన్ని చానెల్ మార్చమనడం కంటే అదే తేలిక.

ప్రశ్న: క్యూఎల్‌ఈడీ, ఓలెడ్ ఒకటేనా?

జవాబు: కాదు. మామూలుగా క్యూఎల్‌ఈడీ పేరుతో అమ్మేది ఎల్‌సీడీయే, రంగుల కోసం క్వాంటమ్ డాట్ల పొర కలుపుతారు, వెనక లైటు ఉంటుంది. అనుమానం వస్తే షోరూమ్‌లో సినిమా చివర పేర్లు పడే చోట ఆపమనండి, నల్ల తెర మీద తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు కారుతోందేమో చూడండి. లైట్లు ఆర్పమంటే ఒప్పుకోకపోవచ్చు, అయినా అడగండి.