ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌కు నేర్పిన పనిక్రమాన్ని జట్టంతటికీ ఎలా పంచాలి?

కోడ్ సమీక్ష, విడుదల సన్నాహం, డేటాబేస్ మార్పు వంటి పనులు చేయవలసిన తీరును ఏఐ అసిస్టెంట్‌కు ప్రతిసారీ కొత్తగా వివరించకుండా, ఒకసారి రాసి అందరూ వాడుకోవడం ఎలా అన్నది ప్రశ్న. ఆ క్రమాన్ని చాట్ చరిత్రలో వదిలేయకుండా సాదా టెక్స్ట్ ఫైలుగా రాసి, ప్రాజెక్టు ఉన్న గిట్ రిపోజిటరీలోనే (కోడ్‌నూ దాని మార్పుల చరిత్రనూ భద్రపరిచే చోటు) ఉంచడం అన్నిటికన్నా మేలు. అప్పుడు రిపోజిటరీని తెచ్చుకున్న ప్రతివారికీ అది అందుతుంది, దానిలో చేసే ప్రతి మార్పూ కోడ్ మార్పులాగే సమీక్షకు వస్తుంది.

2025 అక్టోబరులో క్లాడ్ అనే ఏఐని తయారుచేసే ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన ఏజెంట్ స్కిల్స్ పద్ధతిలో ప్రతి పనిక్రమం ఒక ఫోల్డరు; దాన్నే స్కిల్ అంటారు. అందులోని ప్రధాన మార్క్‌డౌన్ ఫైలు (శీర్షికలు, జాబితాలను సాదా గుర్తులతో సూచించే టెక్స్ట్ ఫైలు) ఆరంభంలో పేరు, వివరణ ఉంటాయి. అసిస్టెంట్ మొదట ఈ రెండింటినే చూసి, చేతిలో ఉన్న పనికి అవసరమనిపించినప్పుడే మిగతా సూచనలను తెరుస్తుంది. అందువల్ల వివరణలో ఆ స్కిల్ ఏం చేస్తుందో మాత్రమే కాక, దాన్ని ఎప్పుడు వాడాలో కూడా స్పష్టంగా రాయాలి; నా దృష్టిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే. వెర్షన్ సంఖ్యను పెంచడం వంటి, ప్రతిసారీ ఒకేలా జరగవలసిన దశలను మాటల్లో వర్ణించే బదులు అదే ఫోల్డరులో స్క్రిప్టుగా పెట్టి, దాన్ని నడపమని చెప్పడం మంచిది, ఎందుకంటే అసిస్టెంట్ వెనకున్న భాషా నమూనా ఒకే సూచనను ఎల్లప్పుడూ ఒకే విధంగా పాటిస్తుందన్న హామీ లేదు.

ఏపీఐ కీలు (బయటి సేవలను వాడుకోవడానికి ఇచ్చే రహస్య సంకేతాలు), పాస్‌వర్డులు, సొంత కంప్యూటరులోని ఫైళ్ల చిరునామాలు స్కిల్ ఫోల్డరులో ఉండకూడదు. ఇతరులు పంచిన స్కిల్‌ను వాడేముందు స్క్రిప్టులతో సహా మొత్తం చదవండి: మీ టెర్మినల్‌లో అసిస్టెంట్‌కు మీరిచ్చిన అనుమతులతోనే ఆ సూచనలు అమలవుతాయి.