మధ్యలో తీసుకో, చిన్నీ

చిన్నీ,

అమ్మానాన్నలను క్రూయిజ్‌కి తీసుకెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. దాని సంబరం చూడాలి, టికెట్లు తనే కొన్నట్టు! నాకూ అంతే అయింది. సొంత సంపాదనతో కన్నవాళ్లను సముద్రం మీదికి తీసుకెళ్లేంత దానివయ్యావా అని ఫోన్ పెట్టేశాక కాసేపు అలాగే కూర్చున్నా. అంతలో అది చివర్లో అన్న మాట గుర్తొచ్చి గుండె గుభేలుమంది. ఓడ ముందు భాగంలో, పై డెక్‌లో బాల్కనీ కేబిన్ చూసి పెట్టావట. వ్యూ అదిరిపోతుందన్నావట.

డబ్బు కట్టేశావా? కట్టకపోతే ఈ ఉత్తరం చదవడం అయ్యేదాకా ఆగు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తా. పాస్‌పోర్టులో ఉన్న పేరే టికెట్టులోనూ ఉండాలి. మందులు చేతిసంచీలో పెట్టుకో, ఎక్కేటప్పుడు ఇచ్చేసిన పెద్ద పెట్టెలు కేబిన్‌కి చేరేసరికి సాయంత్రం కావచ్చు. ఇక కేబిన్ సంగతి.

తక్కెడ దండె చూశావుగా, రెండు కొసలూ లేచి పడుతుంటాయి, నడుమ మాత్రం కదలదు. అలల మీద ఓడా అంతే. ముందు కొస, వెనక కొస ఎక్కువగా లేచి పడతాయి. పైగా ఎత్తుకు పోయేకొద్దీ పక్కలకు ఒరగడం ఎక్కువ, చిటారుకొమ్మ ఊగినంత చెట్టు మొదలు ఊగదు కదా. పక్కలకు ఒరగడాన్ని తగ్గించడానికి ఓడ అడుగున స్టెబిలైజర్లని రెక్కల్లాంటివి ఉంటాయి. ముక్కు లేచి పడటాన్ని అవి పెద్దగా ఆపలేవు. నువ్వు చూసిపెట్టిన కేబిన్ ఆ ముక్కు మీదే ఉంది, అదీ పై అంతస్తులో.

మీ పెదనాన్నా నేనూ ఓడెక్కినప్పుడు కేబిన్ ఎంచింది నేనే. ఆయన ఏ అంతస్తులో ఏ గది ఎక్కడుందో చూపే డెక్ ప్లాన్ కాగితం బల్ల మీద పరిచి, కింది డెక్‌లో సరిగ్గా మధ్యన పెన్సిల్‌తో చుక్క పెట్టారు. "ఆ గుండ్రటి కంతలోంచి ఏం కనిపిస్తుందండీ, ఇంత ఖర్చు పెట్టి?" అని నేనే ఆ చుక్క చెరిపేసి, ముందు భాగంలో పైన పెట్టా. ఆయన ఏమీ అనలేదు. అనే మనిషి కాదని నీకూ తెలుసు.

మొదటి రాత్రి సముద్రం నూనెలా నున్నగా ఉంది. "చూశారా?" అన్నా. రెండో రాత్రి గాలి లేచింది. ముందు బీరువాలో హ్యాంగర్లు టకటకమనడం మొదలుపెట్టాయి. తర్వాత మంచం. ముక్కు పైకి లేస్తుంటే ఒళ్లంతా పరుపులోకి దిగబడిపోయేది, కిందికి పడుతుంటే కడుపు మాత్రం పైనే ఉండిపోయినట్టుండేది. పడ్డ ప్రతిసారీ ఇనప పీపాని గుద్దినట్టు చప్పుడు. మీ పెదనాన్న బాత్రూంలో నేల చల్లగా ఉందని చెంప కింద టవల్ పెట్టుకుని అక్కడే పడుకున్నారు. అంత మనిషి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని. ఏం చేయాలో తోచక నేను పోయి కర్టెన్ తీశా. అంత పట్టుపట్టి తీసుకున్న వ్యూ! చిమ్మచీకటి, అద్దంలో నా మొహం.

తెల్లవారాక కేబిన్ కుర్రాడు చూసి, కింద మధ్య లాబీకి తీసుకెళ్లి కూర్చోబెట్టమన్నాడు. గోడ పట్టుకుని పట్టుకుని తీసుకెళ్లా. నీళ్లు తాగారు, ఒక బిస్కెట్ తిన్నారు, సోఫాలో అలాగే నిద్రపోయారు. అదే ఓడ, అదే గాలి. తర్వాత రెండు రోజులూ ఆయన వచ్చేపోయేవాళ్ల మధ్య ఆ సోఫాలోనే గడిపారు. ఇంటికొచ్చాక ఎవరడిగినా "నాకే తిండి తేడా చేసింది" అన్నారు. నేనూ ఔనన్నట్టు ఊరుకున్నా. ఇన్నేళ్లలో ఈ మాట నీకే మొదట చెప్తున్నా. మీ అమ్మకి చెప్పకు.

మీ అమ్మ సంగతి తెలుసు కదా, బస్సు నాలుగు మలుపులు తిరిగితే కిటికీ వెతుక్కునే మనిషి. దాని కడుపుని చూసుకుని కేబిన్ ఎంచు, ఫొటోలు చూసి కాదు. మధ్యన, వీలైనంత కింద. కిటికీ మాత్రం ఉండేలా చూడు. ఒంటికి ఊగుతున్నట్టు తెలుస్తూ కంటికి గోడలు కదలకుండా కనిపిస్తే వికారం ఇంకా పెరుగుతుంది, దూరంగా నీటిగీత కనబడితే కాస్త కుదుటపడుతుంది. కిటికీ లేని లోపలి కేబిన్ చవకే గానీ, అందులో లైటు ఆర్పితే పగలో రాత్రో తెలియదు.

ఇక చప్పుళ్లు. నీ డెక్ ఒక్కటే చూడకు, పైనా కిందా ఏముందో చూడు. పైన కేబిన్లు, కింద కేబిన్లు ఉన్న డెక్కే నయం. ఈత కొలను కింద తీసుకుంటే తెల్లవారకుండానే కుర్చీలు ఈడుస్తారు. థియేటర్ పైన తీసుకుంటే డ్రమ్స్ నీ మంచం కిందే. ప్లాన్‌లో ఏమీ రాయకుండా తెల్లగా వదిలేసిన చోట్లు సాధారణంగా సిబ్బంది పనిచేసే గదులు, వాటి పక్కన వద్దు. ముందు భాగంలో కింద అయితే రేవుకి చేరేటప్పుడు ఓడని పక్కకి జరిపే థ్రస్టర్ల రొద, లంగరు గొలుసు మోత. మరీ వెనక అయితే ప్రొపెల్లర్ల అదురు. మధ్య తలుపున్న జంట కేబిన్లలో పక్కవాళ్ల గురక వినపడుతుంది, కానీ నువ్వూ అమ్మావాళ్లూ చెరొకటి తీసుకుంటే అంతకంటే కావలసిందేముంది? మీ నాన్న మోకాళ్లకి లిఫ్ట్ దగ్గర కావాలి, పెద్ద ఓడలు 300 మీటర్లు దాటి ఉంటాయి. లిఫ్ట్‌కి ఎదురుగా వద్దు, నాలుగైదు తలుపులు వదిలి తీసుకో.

గ్యారంటీ కేబిన్ అని తక్కువకిస్తారు. ఆ గ్యారంటీ కేబిన్ రకానికే, చోటుకి కాదు. ఎక్కడ ఇస్తారో వాళ్లిష్టం. దాని జోలికి పోకు.

లైఫ్‌బోట్ అడ్డుగా ఉండే కేబిన్లు కొంచెం చవక. అందరూ వద్దంటారు గానీ నాకైతే ఆ పడవ కళ్లెదుట ఉంటేనే నిద్రపడుతుంది. నవ్వకు. 2012లో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు 32 మంది పోయారు. ఆ రోజే ఎక్కిన కొన్ని వందల మందికి ఎటు వెళ్లాలో చూపించే డ్రిల్ ఇంకా జరగనే లేదు. 2015 నుంచి ఓడ కదలకముందో, కదలగానేనో డ్రిల్ పెట్టి తీరాలని రూలు తెచ్చారు. మీ నాన్న ఎగ్గొడదామంటాడు, ఒప్పుకోకు. కేబిన్‌లోకి వెళ్లగానే మెట్ల దాకా ఎన్ని తలుపులున్నాయో చేత్తో తడుముతూ లెక్కపెట్టుకోండి, ముగ్గురూ. పొగలో కళ్లు పనిచేయవు.

డబ్బు కట్టే ముందు డెక్ ప్లాన్ ఫొటో నాకు పంపు. ఈ రాత్రి ఎంతసేపైనా మెలకువగానే ఉంటా.

మీ పెద్దమ్మ