ఆ ‘కొన్ని’ ఏమిటమ్మా?

సఖినేటిపల్లి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

సింగపూరు నుంచి నువ్వు పంపిన కథ అందింది. మొదటిసారి ఆత్రంగా చదివేశాను. రెండోసారి మధ్యాహ్నం భోజనాలయ్యాక పెన్సిలు పట్టుకుని చదివాను. ‘మామ్మగారూ, మొహమాటం లేకుండా చెప్పండి’ అన్నావు కాబట్టి ఉన్నదున్నట్టే చెబుతున్నాను. నీకు రాయడం వచ్చు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

విమానాశ్రయం మీద నాలుగు పేజీలు ఖర్చుపెట్టావు. అద్దాల తలుపులు, కన్నీళ్ళు, చెయ్యి ఊపడం, వెనక్కి తిరిగి చూడడం. అవి అబద్ధాలని అనను. మా ఇంట్లోంచీ ఎంతోమందిని అలా సాగనంపాం. కానీ ఆ నాలుగు పేజీల్లో నువ్వు చెప్పకముందే నాకు తెలియని ముక్క ఒక్కటీ లేదు. నా పెన్సిలు ఆగింది రెండో పేజీ చివర. ‘విశాఖపట్నంలో తూకం ఎక్కువైందని కొన్ని తీసేసి నాన్న చేతికిచ్చాం.’ అంత మాట అనేసి మళ్ళీ తలుపుల దగ్గరికి వెళ్ళిపోయావు.

ఆ కొన్ని ఏమిటమ్మా?

మీ అమ్మ వారం పాటు సర్దిన పెట్టె అది. ఊరగాయ నూనె కారకుండా మూతకి ప్లాస్టిక్ కాగితం కట్టి, పాత చీర ముక్క చుట్టి, సందుల్లో మనవడి బట్టలు కూరి ఉంటుంది. ఆత్రేయపురం పూతరేకులు నలగకుండా పైన పెట్టి ఉంటుంది. పూతరేకులకి బరువెక్కడిది, అవి తీసి లాభం లేదు. తూకమంతా ఊరగాయదీ సున్నుండలదీ. రెండు కిలోలు తగ్గించమంటే ఆ నున్నటి నేల మీద కూర్చుని పెట్టె విప్పింది ఎవరు? ఏది ఉంచాలో ఏది తియ్యాలో చెప్పింది నువ్వా, మీ ఆయనా? మీ అత్తగారిచ్చింది లోపలుండిపోయి, మీ అమ్మ ఇచ్చింది బయటికొచ్చిందా? ‘పర్లేదమ్మా, ఇంకోసారి తీసుకెళ్దువుగాని’ అని ఉంటారు నాన్నగారు. ఆ సంచి పట్టుకుని రాజోలు దాకా కారులో వచ్చారు. మీకు సింగపూరు నాలుగు గంటల ప్రయాణం. ఆయన ఇల్లు చేరడానికి అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది. గుమ్మంలోకొచ్చాక ఆ సంచి మీ అమ్మ చేతికి ఏమని ఇచ్చారు? నీ కథంతా నాకు అక్కడ కనిపించింది.

నేనూ ఇలాగే పొరపడ్డాను. మా ఆయనకి కువైట్‌లో ఏసీలు బాగుచేసే పని. 1985లో నేనూ పెద్దాడూ వెళ్ళి చేరాం. సాల్మియాలో రెండు గదుల ఇల్లు. ఫోను చెయ్యాలంటే దీనార్లు పొయ్యాలి, పైగా మా వీధిలో ఫోనున్న ఇల్లు ఒక్కటే. అందుకని ఊరి నుంచి ఎవరొచ్చినా వాళ్ళ చేత క్యాసెట్టు పంపేవారు. ఓసారి అమ్మ మాట్లాడిన క్యాసెట్టు వచ్చింది. ‘మేమంతా క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాం’ అంటూ ఉత్తరం అప్పజెప్పినట్టు బిగుసుకుపోయి మాట్లాడింది. ‘ఇంక ఉంటానమ్మా’ అంది. బొత్తం నొక్కాలని ఆవిడకి తెలీదు. టేపు తిరుగుతూనే ఉంది.

చీపురు చప్పుడు. కోళ్ళని అదిలించడం. గోడవతల నుంచి ఎవరో ‘కాలవ కట్టేస్తారంట కదండీ’ అంటే, ‘ఎల్లుండంటండి, బిందెలన్నీ నింపేసుకోవాలి’ అని అమ్మ జవాబు. మధ్యలో దగ్గు. మళ్ళీ చీపురు. మళ్ళీ దగ్గు, ఈసారి చాలాసేపు. తర్వాత చీపురు చప్పుడు వినపడలేదు. ఎక్కడో కూర్చుండిపోయి ఉంటుంది. క్షేమమని చెప్పినంతసేపూ ఆ దగ్గు ఎలా బిగపట్టిందో! నేను పొయ్యి కట్టేసి, టేపు అయిపోయేదాకా అలాగే నిలబడ్డాను. పిల్లాడి బడి సెలవులకి జులైలో రావలసినదాన్ని, ఆ నెలలోనే టికెట్టు కొనిపించుకుని వచ్చేశాను.

చాలా ఏళ్ళకి దాని మీద కథ రాసినప్పుడు అమ్మ చెప్పిన మాటలన్నీ పూసగుచ్చినట్టు రాసి, మిగతాదాన్ని ‘తర్వాత ఏవో చప్పుళ్ళు’ అని తోసేశాను. కథ తిరిగొచ్చింది. ఆ సంపాదకుడి మీద ఏడాది పాటు కోపంగా ఉన్నాను. తర్వాత చీపురుతో మొదలుపెట్టి రాశాను. నీకూ కోపమొస్తే రానీ, ఫర్వాలేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చేసింది. సెప్టెంబరులో మేం బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాను సరిహద్దు చేరి, గుడారాల్లో తలదాచుకుని, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానమెక్కి బొంబాయిలో దిగాం. సుమారు రెండు నెలల్లో 488 విమానాల్లో లక్షకు పైగా మందిని తెచ్చారు. ఇదంతా నేను ఎన్నోసార్లు రాశాను, సభల్లో చెప్పాను. రాయనిది మా ఎదురింటి గుమ్మం. అక్కడ ఒక పాలస్తీనా ఆవిడ ఉండేది. బయల్దేరే పొద్దున గిన్నెలు తోమి బోర్లించి, మిగిలిన బియ్యం, నీడో పాలపొడి డబ్బాలో పెంచిన కరివేపాకు మొక్క పట్టుకెళ్ళి ఆవిడకిచ్చాను. ‘వెళ్ళొస్తానండి’ అన్నాను, తెలుగులోనే. నోటికి అదే వచ్చింది. ఆవిడ డబ్బా అందుకుని, ఒక ఆకు తుంపి వాసన చూసింది. యుద్ధం అయ్యాక పాలస్తీనా వాళ్ళని అక్కడ ఉండనివ్వలేదు. లక్షల్లో ఉన్నవాళ్ళు వేలల్లోకి వచ్చేశారు. మాకు తిరిగి రావడానికి సఖినేటిపల్లి ఉంది. ఆవిడ ఎక్కడికెళ్ళిందో, ఆ మొక్క ఎవరి చేతిలో పెట్టి వెళ్ళిందో. ముప్ఫై ఏళ్ళు దాటిపోయినా ఆ గుమ్మం రాయడం నావల్ల కాలేదు. నీ వయసులోనే కూర్చుని ఉంటే అయ్యేదేమో.

నీ కథలో ఇండోనేషియా అమ్మాయి ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, ‘పనమ్మాయి బాబుకి పాలు కలిపింది’ అని. ఆ అమ్మాయికీ ఇంటి దగ్గర బిడ్డ ఉన్నాడేమో, ఎప్పుడైనా అడిగావా? ఈసారి వచ్చినప్పుడు మన రేవులో ఒక పొద్దుట నిలబడు. గోదావరి దాటి నరసాపురం వెళ్ళే పంటు పడవ మీద పెట్టె పక్కన నిలబడ్డ ఆడవాళ్ళలో కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్ళేవాళ్ళుంటారు. పదో తరగతి పాసవ్వని ఆడమనిషి ఆ పనికి గల్ఫ్ వెళ్ళాలంటే ముప్ఫై ఏళ్ళు నిండాలని మన ప్రభుత్వ నియమం. అంటే పంటెక్కే వేళకి చాలామందికి ఒడ్డున పిల్లలుంటారు. ఆ పిల్లలు ఏడుస్తారనుకుంటాం. నేను చూసినవాళ్ళు అమ్మమ్మ కొనిచ్చిన బజ్జీ ఊదుకుంటూ తింటున్నారు. పంటు సగం గోదావరి దాటకముందే ‘బడికి టైమైపోయింది, పదండి’ అని అమ్మమ్మ లాక్కెళ్ళిపోయింది. ఈ ఒడ్డున పుట్టిన పిల్లవి నువ్వు. వంటింట్లో ఉన్న ఆ అమ్మాయిని ఒక్క వాక్యంతో దాటేస్తే నేను ఒప్పుకోను.

మాటల సంగతి. కథలో నాన్న ‘నిన్ను చాలా మిస్ అవుతానమ్మా’ అంటాడు. రాజోలు తాలూకాలో ఏ తండ్రీ అలా అనగా నేను వినలేదు. ‘ఛార్జరు పెట్టుకున్నావా?’ అంటారు. పాస్‌పోర్టు ఏదీ అని మూడోసారి అడుగుతారు. కారు కదిలాక టైర్ల వంక చూస్తారు. కథకి ‘వీడ్కోలు’ అన్న పేరు కూడా తీసెయ్యి, అది పుస్తకంలో మాట.

ఇంకో సంగతి. కథ కంటే దానితో పంపిన ఉత్తరం నాకు ఎక్కువ నచ్చింది. సింగపూరు బళ్ళల్లో తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి, తెలుగు లేదు కాబట్టి మీవాడు హిందీ తీసుకున్నాడని ఉత్తరంలో రాశావు. అమ్మమ్మకి పని తెమిలేసరికి ఇక్కడ రాత్రి ఎనిమిది, అక్కడ పదిన్నర, వాడు అప్పటికే నిద్రపోతాడని రాశావు. నిద్రపోతున్న మనవణ్ణి ఫోన్లో చూపించమని, దీపం వెయ్యొద్దని, చీకట్లోనే చూస్తానని మీ అమ్మ అంటుందని రాశావు. ఇవన్నీ ఉత్తరంలో వదిలేసి కథలో అద్దాల తలుపులు పెట్టుకున్నావా తల్లీ!

తొందరేం లేదు. ఈ ఆదివారం మీ అమ్మకి ఫోను చేసినప్పుడు కథ మాట ఎత్తకుండా, ఆ రోజు నాన్నగారు తెచ్చిన సంచి ఏం చేసిందో అడుగు. వెంటనే చెప్పదు. ‘ఏముందే, ఎవరికో పెట్టేశాను’ అంటుంది. నువ్వు మాత్రం కాసేపు ఫోను పెట్టెయ్యకు.

ఆశీస్సులతో,
మామ్మగారు