వేసవిలో విదేశాలకు వెళ్లాలనుకునే ఉపాధ్యాయులు ముందు చూడవలసింది క్యాలెండర్

ప్రశ్న: మా అమ్మాయి ప్రకాశం జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్. వయసు 32 ఏళ్లు, సర్వీసు ఐదేళ్లు దాటింది. మే 1 నుంచి 28 వరకు థాయిలాండ్ బడుల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పే కార్యక్రమం ఉందని, దానికి రూ.1,80,000 కట్టాలని ఒక ప్రైవేటు సంస్థ చెబుతోంది. అక్కడ ఇచ్చే సర్టిఫికెట్ పదోన్నతికీ, ముందు ముందు విదేశాల్లో చదువుకూ ఉపయోగపడుతుందని అంటున్నారు. పంపమంటారా? వేసవిలో ఇంతకంటే మంచి అవకాశాలు ఏమైనా ఉన్నాయా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఆ డబ్బు కట్టవద్దనే నా సలహా. మీ అమ్మాయి ఆలోచనలో తప్పేమీ లేదు; ఆమె వయసు, సర్వీసు, బోధించే సబ్జెక్టు మూడూ కలిసి చూస్తే, ఉపాధ్యాయుల కోసం ఉన్న అంతర్జాతీయ కార్యక్రమాల్లో మంచివాటికే ఆమె అర్హురాలు. మీరు రాసిన కార్యక్రమం మాత్రం ఆ కోవలోకి రాదు.

థాయిలాండ్‌లో విద్యా సంవత్సరం మే నెల మధ్యలో మొదలవుతుంది. మార్చి నుంచి అప్పటి వరకు అక్కడి ప్రభుత్వ బడులకు పెద్ద సెలవులు. అంటే ఆ సంస్థ చెప్పిన నాలుగు వారాల్లో మొదటి రెండు వారాలు బడులే ఉండవు. మిగిలిన రెండు వారాలు కొత్త తరగతుల సర్దుబాటుతో గడిచిపోతాయి. ఇక చట్టం సంగతి. పర్యాటకులుగా వెళ్లేవారికి ఇచ్చే ప్రవేశం పర్యాటకానికి ఉద్దేశించినది. జీతం తీసుకోకుండా బడిలో పాఠం చెప్పినా అక్కడ దానిని పనిగానే పరిగణిస్తారు కనుక, తగిన వీసా, పని అనుమతి పత్రం రెండూ కావాలి. ఏ ఊరిలో, ఏ బడిలో, ఏ తరగతికి, ఏ వీసా మీద ఆమె పాఠం చెబుతుందో, పని అనుమతి ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా ఇమ్మని ఆ సంస్థను అడగండి. "టూరిస్టుగా వెళ్లి వచ్చేయవచ్చు, ఏమీ కాదు" అనే జవాబు వస్తే అక్కడితో ఆ ప్రస్తావన ముగించవచ్చు. ఇబ్బంది వచ్చిన రోజున ముద్ర పడేది మీ అమ్మాయి పాస్‌పోర్టు మీద, సంజాయిషీ ఇవ్వవలసింది ఆమె తన శాఖకు.

పదోన్నతి మాటలో అసలు నిజం లేదు. స్కూల్ అసిస్టెంటు నుంచి ప్రధానోపాధ్యాయురాలు కావడానికి చూసేది సీనియారిటీ, శాఖాపరమైన పరీక్షలు. గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్టు ఇంకా రాయకపోతే, పదోన్నతి కోసం ఖర్చు పెట్టవలసిన శ్రమ వాటి మీద పెట్టడం మేలు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. మన ఉపాధ్యాయులు ఎక్కువగా పొరబడేది వేసవి అనే మాట దగ్గరే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో బడులకు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో సెలవులు ఇచ్చి జూన్ 12న తిరిగి తెరుస్తారు. ఐరోపా, అమెరికాలలో ఉపాధ్యాయులకు వేసవి కార్యక్రమాలు జరిగేది ఎక్కువగా జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు. అప్పటికి ఇక్కడ పాఠాలు జోరుగా సాగుతూ ఉంటాయి. మన సెలవులైనా పూర్తిగా ఖాళీ కావు. పదో తరగతి సప్లిమెంటరీ పరీక్షల విధులు, శిక్షణ తరగతులు వాటిలోనే వస్తాయి. అందువల్ల మే నెలలో సరిపోయే కార్యక్రమం కోసం వెతికినంత కాలం డబ్బు తీసుకునే ప్రైవేటు సంస్థలే కనిపిస్తాయి. నాణ్యమైన కార్యక్రమాలు తమ నెలల్లోనే జరుగుతాయి, వాటికి అనుగుణంగా సెలవు మనమే సంపాదించుకోవాలి.

భౌతికశాస్త్రం చెప్పేవారికి నేను మొదట సూచించేది జెనీవా దగ్గర ఉన్న సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం నిర్వహించే అంతర్జాతీయ ఉపాధ్యాయ కార్యక్రమాలు. ఉన్నత పాఠశాలల సైన్స్ ఉపాధ్యాయుల కోసం 1998 నుంచి వేసవిలో వీటిని నడుపుతున్నారు. ప్రస్తుతం జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, రెండేసి వారాల పాటు ఆంగ్లంలో జరుగుతున్నాయి. భారతదేశం 2017 నుంచి సెర్న్‌లో అసోసియేట్ సభ్య దేశం. ఉదయం శాస్త్రవేత్తల ఉపన్యాసాలు, తర్వాత ప్రయోగ కేంద్రాల సందర్శన, చిన్న బృందాలుగా కూర్చుని బోధన సామగ్రి తయారు చేసుకోవడం, ఇలా రోజులు గడుస్తాయి. అక్కడ ఉపాధ్యాయుల చేత చేయించే ఒక ప్రయోగం గురించి చెబితే ఆ కార్యక్రమం స్వభావం మీకు అర్థమవుతుంది. పారదర్శకమైన ఒక పెట్టె పైభాగాన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మందపాటి గుడ్డ అమర్చి, అడుగున నల్లని లోహపు పలక కింద డ్రై ఐస్ (గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్) పరుస్తారు. గది చీకటి చేసి పక్క నుంచి టార్చి వేస్తే, అడుగున కమ్ముకున్న పలుచని ఆవిరి పొరలో, అంతరిక్ష కిరణాల వల్ల పుట్టి మన చుట్టూ ఎప్పుడూ పోతూ ఉండే కణాల జాడలు సన్నని తెల్లని గీతలుగా కనిపించి, క్షణంలో చెదిరిపోతాయి. డ్రై ఐస్ మన మండల కేంద్రాలలో సులభంగా దొరికేది కాదు. అయినా దానిని ఎక్కడి నుంచి తెప్పిస్తుందో, గాలి ఆడే గదిలో ఎలా జాగ్రత్తగా చేయిస్తుందో, ఏ పాఠానికి జోడిస్తుందో దరఖాస్తులో రాయగలిగిన ఉపాధ్యాయురాలికి, "నాకు సైన్స్ అంటే చిన్నప్పటి నుంచి ఆసక్తి" అని రాసినవారికి చాలా తేడా ఉంటుంది. పదో తరగతిలో విద్యుత్ ప్రవాహపు అయస్కాంత ఫలితాల పాఠం ఉండనే ఉంది; సెర్న్‌లో 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయంలో ప్రోటాన్లను వంచి తిప్పేది కూడా అయస్కాంత క్షేత్రమే. ఆ రెండింటికీ ముడి వేయడం ఆమెకు కష్టం కాకూడదు. దరఖాస్తులు ఏడాది మొదట్లోనే పిలుస్తారు కాబట్టి సంక్రాంతి సెలవుల నాటికి ఆమె సిద్ధంగా ఉండాలి. ప్రయాణం, బస ఖర్చులలో వారు ఏవి భరిస్తారో ఆ ఏటి ప్రకటనలో చూసుకున్న తర్వాతే మీరు డబ్బు లెక్క వేసుకోండి.

రెండోది, అమెరికా విదేశాంగ శాఖ నిధులతో నడిచే ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్ కార్యక్రమం. మన దేశంలో దీని వ్యవహారం చూసేది అమెరికా–భారత విద్యా ప్రతిష్ఠానం. దానికి హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. మాధ్యమిక తరగతులకు ఆంగ్లం, గణితం, సైన్స్, సాంఘికశాస్త్రం వంటి సబ్జెక్టులు చెబుతూ కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న పూర్తికాల ఉపాధ్యాయులను తీసుకుని, ఆరు వారాల పాటు అక్కడి విశ్వవిద్యాలయంలో శిక్షణ ఇస్తారు; స్థానిక పాఠశాలలో కనీసం 40 గంటలు అక్కడి ఉపాధ్యాయులతో కలిసి పనిచేయిస్తారు. ఎంపికైనవారి విమాన ప్రయాణం, బస, ఆరోగ్య బీమా కార్యక్రమమే చూసుకుంటుంది, దరఖాస్తుకు రుసుము లేదు. ఇది వేసవిలో జరగదు. కొందరిని ఏడాది మొదటి నెలల్లో, కొందరిని శరత్కాలంలో పిలుస్తారు. పాఠశాల యాజమాన్యం సెలవుకు ఒప్పుకుంటూ ఇచ్చే పత్రం దరఖాస్తులోనే భాగం కనుక ప్రధానోపాధ్యాయుల సహకారం మొదటి నుంచీ అవసరం. అక్కడి ప్రభుత్వ బడ్జెట్ మీద ఆధారపడిన కార్యక్రమం కాబట్టి, ఆ సంవత్సరానికి ప్రకటన వెలువడిందో లేదో ప్రతిష్ఠానం వెబ్‌సైట్‌లో నిర్ధారించుకున్న తర్వాతే పత్రాల పని మొదలుపెట్టండి. ఒక విషయం మీరు తండ్రిగా తప్పక తెలుసుకోవాలి. ఈ కార్యక్రమానికి జె–1 అనే వినిమయ సందర్శకుల వీసా మీద వెళ్లి వచ్చినవారు తర్వాత మొత్తం రెండేళ్లు స్వదేశంలో ఉన్నాకే ఉద్యోగ సంబంధమైన హెచ్, ఎల్ వీసాలకు గానీ గ్రీన్ కార్డుకు గానీ అర్హులవుతారు. భర్త ఉద్యోగం ఆధారంగా వచ్చే హెచ్–4 వీసాకూ ఇదే నిబంధన వర్తిస్తుంది. అమ్మాయికి అమెరికా సంబంధాలు చూసే ఆలోచన ఏదైనా ఉంటే, ఈ సంగతి దరఖాస్తుకు ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

మూడోది జపాన్ ప్రభుత్వ విద్యాశాఖ ఇచ్చే ఉపాధ్యాయ శిక్షణ ఉపకారవేతనం. దీని వ్యవధి ఏడాదిన్నర. అక్టోబరులో మొదలై, తొలి నెలలు జపనీస్ భాష నేర్చుకోవడానికి, మిగిలిన కాలం ఒక విశ్వవిద్యాలయంలో బోధనా పద్ధతులు అధ్యయనం చేయడానికి కేటాయిస్తారు. ట్యూషన్ ఫీజు ఉండదు, విమాన చార్జీలు ఇస్తారు, నెలకు సుమారు 1,43,000 యెన్‌లు భృతి వస్తుంది. బడిలో మొత్తం ఐదేళ్ల అనుభవం ఉండాలి, వయసు 35 లోపు ఉండాలి. ఆమెకు ఇంకా రెండు మూడేళ్ల వ్యవధే ఉందన్నమాట. చివర డిగ్రీ రాదు, శిక్షణ పూర్తి చేసినట్లు పత్రం మాత్రమే వస్తుంది. ఏడాదిన్నర సెలవు మంజూరు కావడం జిల్లా స్థాయిలో తేలే వ్యవహారం కాదు. అందుకే దీనిని మూడో స్థానంలో చెప్పాను.

ఇక అనుమతుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎంపికైన తర్వాత కూడా మనవాళ్లు ఆగిపోయేది ఇక్కడే. పాస్‌పోర్టు ఒక పని, విదేశానికి వెళ్లేందుకు శాఖ అనుమతి మరొక పని. పాస్‌పోర్టుకు, నియామక అధికారికి ముందస్తు సమాచారం ఇచ్చిన లేఖతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే ఆ పని మొదలుపెట్టించండి. వెళ్లడానికి అనుమతి మాత్రం ప్రతి ప్రయాణానికీ విడిగా, ఏ దేశానికి, ఏ తేదీల్లో, ఏ పని మీద, ఎవరి ఖర్చుతో అన్నది రాసి, ప్రధానోపాధ్యాయుల ద్వారా ఉప విద్యాధికారికి, అక్కడి నుంచి జిల్లా విద్యాశాఖాధికారికి, ఆపైకి పంపుకోవాలి. వేసవి సెలవుల్లో వెళ్తున్నాం కదా, ఎవరినీ అడగనక్కరలేదు అనుకోవడం పొరపాటు. సెలవుల్లో దేశం దాటినా అనుమతి కావలసిందే. ఉపాధ్యాయులకు వేసవి సెలవులున్న కారణంగా సంపాదిత సెలవులు ఏడాదికి 6 మాత్రమే జమ అవుతాయి, అర్ధవేతన సెలవులు 20. సెర్న్ వంటి రెండు వారాల కార్యక్రమానికి ఇవి చాలు. ఆరు వారాలకు అయితే ఆన్ డ్యూటీగా పరిగణించమని ఆహ్వాన పత్రం జతచేసి కోరడం న్యాయమే, ఇస్తారా లేదా అన్నది ప్రభుత్వం ఇష్టం.

చాలామందికి తెలియని నిబంధన ఇంకొకటి ఉంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులు విదేశీ సంస్థ లేదా విదేశీ ప్రభుత్వం ఖర్చుతో ప్రయాణం, బస, భోజనం స్వీకరించాలంటే కేంద్ర హోం శాఖ నుంచి ముందస్తు అనుమతి తీసుకోవాలి. దీనికి ఎఫ్‌సీ–2 అనే దరఖాస్తును ఆన్‌లైన్‌లో, ఆహ్వాన పత్రం, తమ శాఖ ఇచ్చిన అనుమతి జతచేసి, ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు సమర్పించాలి. శాఖ అనుమతి లేనిదే ఈ దరఖాస్తు పూర్తి కాదు కాబట్టి, ఆ రెండు వారాల మాట నమ్ముకుని కూర్చుంటే పని జరగదు. ఎంపిక లేఖ చేతికి వచ్చిన రోజునే జిల్లా కార్యాలయంలో ఫైలు కదలాలి. సొంత డబ్బుతో వెళ్లేవారికి ఈ చట్టంతో పని లేదు.

మీ అమ్మాయికి నిజంగా సేవ చేయాలనే కోరిక ఉంటే, దానికి విదేశమే అక్కరలేదని నేను అనను. అయితే రెండు జాగ్రత్తలు చెబుతాను. మూడు నాలుగు వారాల పాటు అనాథాశ్రమాల్లో పిల్లలకు పాఠాలు చెప్పించే కార్యక్రమాలకు దూరంగా ఉండమనండి. కంబోడియా, నేపాల్ వంటి దేశాల్లో ఇలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లి గానీ తండ్రి గానీ బతికే ఉన్నారని, సందర్శకుల డబ్బు కోసమే వారిని ఇళ్ల నుంచి తెచ్చిపెడుతున్న సందర్భాలు ఉన్నాయని యునిసెఫ్ వంటి సంస్థలు ఎంతోకాలంగా చెబుతున్నాయి. రెండోది, అమెరికాలో మనబడి, పాఠశాల వంటి తెలుగు బడులు ఉన్నాయి కదా, అక్కడ చెప్పవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. వాటిలో పాఠాలు చెప్పేది ప్రధానంగా అక్కడే స్థిరపడిన తల్లిదండ్రులు. ఇక్కడి నుంచి ఉపాధ్యాయులను పిలిపించుకోవడం వాటి ఉద్దేశం కాదు.

ఈ వేసవిని ఆమె దరఖాస్తులకు సిద్ధం కావడానికి వాడుకోవడం మంచిది. కర్ణాటకలోని చల్లకెరె దగ్గర భారతీయ విజ్ఞాన సంస్థకు ఉన్న ప్రతిభా వికాస కేంద్రంలో సైన్స్ ఉపాధ్యాయులకు ప్రయోగశాలలోనే శిక్షణ ఇస్తారు. అక్కడ పొందిన అనుభవం సెర్న్ దరఖాస్తులోనూ ఫుల్‌బ్రైట్ దరఖాస్తులోనూ బలమైన ఆధారం అవుతుంది. తన తరగతిలో చేయించిన ఒకటి రెండు ప్రయోగాలకు పాఠ్య ప్రణాళిక, ఫోటోలు, పిల్లలు రాసిన జవాబులు దగ్గర పెట్టుకుని, వాటి ఆధారంగా ఆంగ్లంలో రెండు పేజీల వ్యాసం తానే రాయాలి. ఆ వ్యాసం కన్సల్టెన్సీల చేత రాయించవద్దు. ఎంపిక కమిటీలు అలాంటివి వందలు చదివి ఉంటాయి, పైగా ఇంటర్వ్యూలో అడిగేది ఆ వ్యాసంలోని ప్రతి వాక్యం గురించే. రాసిన తర్వాత తన పాఠశాలలోని ఆంగ్ల ఉపాధ్యాయుల చేత దిద్దించుకుంటే సరిపోతుంది.